టీచర్ ఎక్కడ నేర్చుకుందో అడిగారా?

డిసెంబర్ వచ్చిందంటే నా ఫోన్‌కి అమెరికా నంబర్లు మొదలవుతాయి. సెలవులకి వైజాగ్ వచ్చినవాళ్ళు, రాబోతున్నవాళ్ళు, అన్నయ్య పిల్లల కోసమో మరదలి పిల్లల కోసమో అడుగుతుంటారు, ఎంవీపీ కాలనీలో మంచి ప్లేస్కూల్ ఏదండీ, మధురవాడ వైపు ఏమైనా ఉన్నాయా, ఏసీ ఉంటుందా, సీసీ కెమెరా ఫోన్‌లో చూసుకోవచ్చా, వ్యాన్ ఇంటికొస్తుందా, ఇంగ్లీషులోనే మాట్లాడతారు కదా అని. అన్నిటికీ ఓపిగ్గా చెప్తాను, మూడేళ్ళ పిల్లని తెలీనివాళ్ళ చేతిలో పెట్టాలంటే ఎంత బెంగగా ఉంటుందో నాకూ తెలుసు. కానీ ఈ పదిహేనేళ్ళలో ఒక్కరు కూడా అడగని మాట ఒకటుంది. ఆ క్లాసులో ఉండే టీచర్ ఈ పని ఎక్కడ నేర్చుకుంది, ఎన్నేళ్ళుగా అక్కడ చేస్తోంది? నార్త్ కరోలినాలో ఉండే మా చెల్లి, అమెరికాలోని మీ తెలుగువాళ్ళ ఈ సంచికకి ఏదైనా రాయవే అక్కా అన్నప్పుడు ఇదే రాద్దామనుకున్నా.

ముందు నా సంగతి చెప్తా. పుట్టింది పెరిగింది కంచరపాలెం, నాన్న పోర్టులో చేసేవారు, నేను బీకాం చదివా, పెళ్ళయ్యాక ఒక ఆడిటర్ గారి దగ్గర లెక్కలు రాశా, బాబు పుట్టాక మానేశా. వాడికి మూడేళ్ళు నిండాక వీధి చివర ప్లేస్కూల్లో వేశాం, రోజూ దింపడానికి వెళ్తుంటే అక్కడి మేడం ఒకరోజు "ఇంట్లో ఖాళీగానే ఉంటున్నారు కదా, మీకు పిల్లలంటే ఇష్టం కూడానూ, ఇక్కడికి వచ్చెయ్యండి" అన్నారు. ఇంటర్వ్యూ అంతే. జీతం నెలకి 3,000. సోమవారం చేరాను, మంగళవారం 22 మంది పిల్లల్ని అప్పజెప్పి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నాతో పనిచేసిన వాళ్ళని అడిగితే చాలామంది ఇలాగే వచ్చామన్నారు, ఒకావిడ ఫీజు కట్టలేక దానికి బదులు టీచర్‌గా చేరిందట.

ఆ క్లాసులో ఒక బాబు కరిచేవాడు. అమ్మానాన్న అమెరికాలో, వాడేమో ఇక్కడ అమ్మమ్మ తాతయ్యల దగ్గర. (మీలో చాలామందికి ఈ పరిస్థితి తెలిసే ఉంటుంది, తప్పు పట్టడానికి రాయట్లేదు.) రెండున్నరేళ్ళు దాటినా మాటలు తక్కువ. బొమ్మ లాక్కుంటే కరిచేవాడు, పక్క పిల్ల మరీ దగ్గరికి జరిగినా కరిచేవాడు. ఏం చెయ్యాలో తెలీక వాణ్ణి మూల కుర్చీలో కూర్చోబెట్టి "బ్యాడ్ బాయ్" అనేదాన్ని, మిగతా పిల్లల చేత కూడా అనిపించేదాన్ని. ఇది రాస్తుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటోంది. పెద్ద జాలారిపేట నుంచి వచ్చే ఆయా నాలుగు రోజులు చూసింది, చూసి నన్ను పక్కకి పిలిచి, "ఆడికి మాట రావట్లేదమ్మా, మాట రాని గుంటడికి పన్నే మాట. నువ్వెల్లి ఆడి పక్కన కూకో, బొమ్మ కావాలేటి అని ఆడి తరపున నువ్వే అడుగు" అంది. వెళ్ళి కూర్చున్నా. మూడు వారాలు పట్టింది, కరవడం తగ్గింది, "ఇయ్యి" అనడం వచ్చింది. వాళ్ళ అమ్మమ్మ గారికి చెప్తే గేటు దగ్గరే కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత నేను చదువుకున్న పాఠాల్లో ఆయా చెప్పిందే ఉంది. ఆ వయసు పిల్లల్లో కోపం, భయం, కావాలనే ఆత్రం అన్నీ నిండా ఉంటాయి, చెప్పడానికి మాటలు మాత్రం ఇంకా చాలవు, అప్పుడు నోరు చేతులు ముందుకొస్తాయి. డిగ్రీ ఉన్న నాకు ఇది తెలీదు, పదిహేనేళ్ళు పిల్లల మధ్య నేల మీద కూర్చున్న ఆవిడకి తెలుసు. పిల్లలంటే నాకు మొదటి రోజు నుంచీ ఇష్టమే, ఆ ఇష్టం ఉండగానే వాణ్ణి మూల కూర్చోబెట్టాను కదా.

33 ఏళ్ళ వయసులో, చిన్నపిల్లలకి చదువు చెప్పే మాంటిస్సోరి పద్ధతి డిప్లొమాలో చేరా, బాబుని మా అత్తగారు చూసుకున్నారు, ఆవిడ లేకపోతే అయ్యేది కాదు. పాఠాలు చెప్పడం నేర్పుతారనుకుని వెళ్తే మొదట నేర్పింది నోరు మూసుకుని కూర్చోవడం. అరగంటసేపు ఒక్క పిల్లనే చూడాలి, ఏం చేసిందో రాయాలి. "విసుగ్గా ఉంది" అని రాస్తే కొట్టేసేవారు, విసుగు నీకెలా తెలిసింది, కళ్ళు నులుముకుందా, లేచి వెళ్ళిందా, అది రాయి అనేవారు. గులాబీ రంగు చెక్క దిమ్మెలు పది ఉంటాయి, చిన్నది 1 సెంటీమీటర్, పెద్దది 10 సెంటీమీటర్లు, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించడం, పెద్దదాన్ని ఎలా పట్టుకోవాలి, చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి, ఇదంతా ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. పిల్ల తప్పు పేరిస్తే మనం "తప్పు" అనక్కర్లేదు, దిమ్మెల వరసే చెప్తుంది, చూసుకుని తనే మార్చుకుంటుంది. అది మొదటిసారి నా కళ్ళ ముందు జరిగినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది.

ఈ పద్ధతి పెట్టిన మరియా మాంటిస్సోరి కూడా మొదట టీచర్ కాదు, డాక్టర్. 1907లో రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదల పేటలో, తల్లిదండ్రులు పనికెళ్తే ఇంటి దగ్గర ఉండిపోయే పిల్లల కోసం మొదటి బడి తెరిచింది. 1939లో మద్రాసు అడయారుకి వచ్చింది, మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్‌వాళ్ళు ఆవిడని దేశం విడిచి వెళ్ళనివ్వలేదు, 1946 దాకా ఇక్కడే ఉండి మనదేశం టీచర్లకి స్వయంగా శిక్షణ ఇచ్చింది. అందుకే ఇది ఫారిన్ ఫ్యాషన్ అని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది, మన పక్కనే మద్రాసులో వేళ్ళూనుకున్న చదువు ఇది. ఖరీదైన సామాన్లే కావాలని కూడా లేదు. మా క్లాసులో ఆర్కే బీచ్‌లో ఏరిన గవ్వలున్నాయి, పెద్దవి చిన్నవి, నున్నటివి గరుకువి వేరు చేస్తారు. చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు వంపుతారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తారు, బఠానీలు వలుస్తారు. ఈ వేళ్ళ బలమే తర్వాత పెన్సిల్ పట్టుకునేది.

రాత దగ్గరే మాకు తల్లిదండ్రులతో ఎక్కువ పేచీ. పక్కింటి పాప ఏ నుంచి జెడ్ దాకా రాస్తోంది, మీరింకా గవ్వలు ఏరిస్తున్నారేంటండీ అంటారు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి, ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కటీ గట్టిపడతాయి. మూడేళ్ళ చెయ్యి నాలుగు గీతల కాపీ పుస్తకానికి తయారుగా ఉండదు. గరుకు కాగితం అక్షరాల మీద వేలితో దిద్దిస్తాం, పళ్ళెంలో ఇసుక పోసి రాయిస్తాం, మన అక్షరాభ్యాసంలో బియ్యం మీద వేలు పట్టుకుని దిద్దించేది కూడా అలాంటిదే కదా.

ఇంకోటి భాష. మా పిల్లలు "ఏటి మేడం", "నాను తినీసేను" అంటారు, అది ఉత్తరాంధ్ర ఇంటి మాట. ట్రైనింగ్ లేని టీచర్ వెంటనే "ఏటి కాదు, వాట్ అనాలి" అని దిద్దుతుంది, రెండోసారి ఆ పిల్ల నోరు తెరవదు. సవర గిరిజన పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు మన ఉత్తరాంధ్ర మనిషే, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని మీ సంఘాల్లో చేసేది ఆయన పుట్టినరోజునే. ముందు ఇంటి మాటని గౌరవిస్తే ఇంగ్లీషు దానంతటదే వస్తుంది, ఏటా చూస్తున్నాను.

సరే, ఇక నా అసలు బాధ. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, బీఈడీ చేసినంత మాత్రాన ఒకటి నుంచి ఐదు తరగతులకి టీచర్‌గా సరిపోరు, చిన్నపిల్లలకి చెప్పడానికి వేరే శిక్షణ కావాలి అంది. ఆరేళ్ళ పిల్లకే అంత జాగ్రత్త అవసరమైతే మూడేళ్ళ పిల్లకి ఎంత కావాలి? విద్యాహక్కు చట్టం లెక్కేమో ఆరేళ్ళ నుంచి మొదలవుతుంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళని పునాది దశ అంది, మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని రాసింది, ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్ళకి ఏడాది డిప్లొమా ఇవ్వాలంది. మంచి మాటే. కానీ అంగన్‌వాడీ టీచర్ రోజు ఎప్పుడైనా చూశారా? పిల్లల బరువులు తూచాలి, గుడ్లు పాలు లెక్క చూసుకోవాలి, గర్భిణుల ఇళ్ళకి వెళ్ళాలి, ఫోన్‌లో యాప్ నింపాలి, మిగిలిన టైంలో ఆట పాట. 2023 డిసెంబర్‌లో మన రాష్ట్రమంతా వాళ్ళు సమ్మెకి దిగి జనవరి దాకా రోడ్ల మీద కూర్చున్నారు, అప్పటికి వాళ్ళ గౌరవ వేతనం నెలకి 11,500. చాలా ప్రైవేటు ప్లేస్కూళ్ళలో అదీ రాదు, అందుకే ఏడాది తిరక్కుండా టీచర్ మారిపోతుంది, పిల్ల మళ్ళీ కొత్త ముఖానికి అలవాటు పడాలి.

మా చెల్లి హెచ్4 డిపెండెంట్ వీసా మీద వెళ్ళి వర్క్ పర్మిట్ వచ్చాక డేకేర్‌లో చేరింది, అక్కడ సీడీఏ అనే చిన్నపిల్లల టీచర్ల సర్టిఫికెట్ కోసం 120 గంటల క్లాసులు, పిల్లలతో 480 గంటల పని, ఆ తర్వాత ఒకరు వచ్చి తను క్లాసులో ఎలా ఉంటుందో స్వయంగా చూసి వెళ్ళారు, పరీక్ష కూడా రాసింది. మీ పిల్లల టీచర్లకి అక్కడ ఇది మామూలే అనుకుంటారు కదా, వైజాగ్‌లో ఉన్న మేనకోడలి టీచర్‌కి ఎందుకు అక్కర్లేదనుకుంటున్నారు?

మీరు ఊరి మీద ప్రేమతో బడులకి చాలా పంపుతారు, స్మార్ట్ టీవీలు, రంగుల బెంచీలు, గది కట్టించి తల్లిదండ్రుల పేరు రాయించడం, వాటిని నేను తక్కువ చెయ్యను. కానీ నా అభిప్రాయం గట్టిగానే చెప్తా, వచ్చేసారి ఆ టీవీ డబ్బుతో ఒక టీచర్‌ని చదివించండి. ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో ఇంటర్ పాసైనవాళ్ళు ఇంటి దగ్గరుండే చదువుకునే డిప్లొమా ఉంది, ఏడాదిలో అవుతుంది, రెండేళ్ళ రెగ్యులర్ డిప్లొమా కోర్సులూ ఉన్నాయి. ఫీజుతో పాటు ఆ చదువుకునే రోజుల్లో ఇల్లు గడవడానికి కూడా కొంత ఇవ్వండి, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది అక్కడే.

ఆ ఆయా ఇప్పుడు లేరు. వాళ్ళ కూతురు ఇంటర్ పాసై మా దగ్గర పొద్దుటి పూట పనిచేస్తూ ఆ డిప్లొమా చదువుతోంది. మొన్న సాయంత్రం గవ్వలు కడుగుతుంటే నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. "మేడం, పాప గవ్వల పళ్ళెం మొత్తం విసిరీసింది. కోపం వొచ్చింది అని రాయమంటారేటి?" అంది. విసిరేసింది అని మాత్రం రాయి, ఎందుకో రేపు ఇద్దరం పక్కన కూర్చుని చూద్దాం అన్నా.