పట్టిన కర్బనాన్ని రాయి చేయాలి, మళ్లీ కాల్చే ఇంధనం కాదు

పరిశ్రమల పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి వాడుకునే సాంకేతికతకు అయిదేళ్లలో 20,000 కోట్ల రూపాయలు ఇస్తామని 2026-27 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. విద్యుత్, ఉక్కు, సిమెంటు, రిఫైనరీలు, రసాయనాలు... ఈ అయిదు రంగాలకు. డబ్బు రావడాన్ని ఎవరూ కాదనరు. ఏ లెక్కన పంచుతారన్నదే అసలు సంగతి. ఎన్ని టన్నులు పట్టారో చూసి పంచితే ఈ సొమ్ములో పెద్ద భాగం బూడిదలో పోసిన పన్నీరే. పట్టిన కర్బనం మళ్లీ గాలిలో కలవకుండా ఎన్నేళ్లు ఆగుతుందో చూసి పంచాలి. ఈ ఒక్క షరతు పెడితే ఏ పథకం పనికొస్తుందో, ఏది రాదో చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

కార్బన్ డయాక్సైడ్‌ను రసాయనంగా మార్చడం మనకు కొత్త విద్యేమీ కాదు. మన యూరియా అంతా అలా వచ్చిందే. అమ్మోనియాకు కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా. టన్ను యూరియాకు 733 కిలోల వాయువు పడుతుంది. రామగుండం కర్మాగారం ఏడాదికి 12.7 లక్షల టన్నుల పూర్తి సామర్థ్యంతో నడిస్తే, 9 లక్షల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ సంచుల్లోకి ఎక్కినట్టు. 2023-24లో దేశం తీసిన యూరియా 314 లక్షల టన్నులు. అంటే 2.3 కోట్ల టన్నుల వాయువును ఒక్క ఏడాదిలో 'వాడుకున్నాం'. వాతావరణానికి దీనివల్ల ఒరిగిందేమిటి? ఏమీ లేదు. ఆ కర్బనం దిగుమతి చేసుకున్న సహజవాయువులోంచో, మన బావుల గ్యాసులోంచో వచ్చింది. రైతు చల్లాక నేలలోని యూరియేజ్ ఎంజైమ్ కొద్ది రోజుల్లోనే దాన్ని విడగొడుతుంది. నత్రజని పైరుకు, కర్బనం గాలికి. యూరియా మనకు కావాలి, గత ఖరీఫ్‌లో క్యూల్లో నిలబడ్డ రైతును అడిగితే ఎంత కావాలో చెబుతాడు. కానీ అది ఎరువుగా కావాలి, వాతావరణ పరిష్కారంగా కాదు. 'వాడుకోవడం' అన్నంత మాత్రాన ఉద్గారం తగ్గదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఇప్పుడు అదే పొరపాటు మెథనాల్ అనే ద్రవ ఇంధనంతో చేయబోతున్నాం. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్‌లో ఎన్టీపీసీ రోజుకు 20 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పొగలోంచి పట్టి, 10 టన్నుల మెథనాల్ చేసే యూనిట్ కట్టింది. ఇంజనీర్ల పనితనానికి చేతులెత్తి మొక్కాలి. బొగ్గు పొగలోని బూడిదను, గంధకాన్ని దాటి స్వచ్ఛమైన వాయువును తీయడం మాటలు కాదు. అయితే ఆ కేంద్రం సామర్థ్యం 4,760 మెగావాట్లు. పూర్తిగా నడిచిన రోజున వదిలే కార్బన్ డయాక్సైడ్ లక్ష టన్నుల దగ్గర ఉంటుంది. పట్టే 20 టన్నులు ఆ పొగగొట్టాలకు 17 సెకన్ల పని. ప్రయోగాత్మక యూనిట్ చిన్నదే ఉంటుంది, దానికి తప్పుపట్టను. పెద్దది చేయడానికి అర్హత ఉందా అన్నదే నా ప్రశ్న. లేదు.

లెక్క కష్టమేమీ కాదు. టన్ను మెథనాల్‌కు దాదాపు 1.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్, 190 కిలోల హైడ్రోజన్ కావాలి. నీటిని కరెంటుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. అంటే టన్ను మెథనాల్‌కు 10,000 యూనిట్లు. యూనిట్ మూడు రూపాయలే అనుకున్నా కరెంటుకే 30,000 రూపాయలు. బజారులో మామూలు మెథనాల్ టన్ను ధరే చాలాకాలంగా ఆ చుట్టుపక్కల తిరుగుతోంది. వాయువును పట్టే ఖర్చు, కంప్రెషర్లు, ఉత్ప్రేరకం, వడ్డీ ఇంకా కలపనేలేదు.

ధరను పక్కన పెట్టండి, రేపు తగ్గవచ్చు. తగ్గనిది ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి, మెథనాల్‌లో ఒక్కటే. రెండోదాన్ని వదిలించుకోవాలంటే నీరుగా మార్చాలి. అంత ఖర్చుతో తీసిన హైడ్రోజన్‌లో మూడో వంతు ఇలా తిరిగి నీరైపోతుంది. ఏ శాస్త్రవేత్త ఎంత గొప్ప ఉత్ప్రేరకం కనిపెట్టినా ఈ మూడో వంతును మిగల్చలేడు, అది సమీకరణంలోనే ఉంది. పైగా ఆ 10,000 యూనిట్ల సౌర విద్యుత్తును నేరుగా గ్రిడ్‌కు ఇచ్చి అంత మేరకు బొగ్గు మంట ఆపితే దాదాపు 9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పుట్టకుండానే ఆగుతుంది. మెథనాల్ చేస్తే ఇమిడేది 1.4 టన్నులు, అదీ ఇంజన్‌లో కాలే వరకే. బొగ్గుతో చేసే మెథనాల్‌ను తప్పించామన్న లెక్క కలిపినా తొమ్మిదికి చేరదు. ఒకే ఆవరణలో ఒక పక్క బొగ్గు కాల్చి కరెంటు తీసి, మరో పక్క శుద్ధమైన కరెంటు ఖర్చుపెట్టి ఆ పొగను ఇంధనం చేసి, ఆ ఇంధనాన్ని మళ్లీ కాల్చడానికి ప్రజల సొమ్ము ఎందుకివ్వాలి?

మెథనాల్ వాదులు చెప్పేదాంట్లోనూ బలం ఉంది. మనకు కావాల్సిన మెథనాల్‌లో చాలా భాగం దిగుమతే. సముద్రాలు దాటే ఓడలు బ్యాటరీలతో నడవలేవు, మెర్స్క్ లాంటి పెద్ద కంపెనీలు ఇప్పటికే మెథనాల్ ఓడలు దించాయి. చైనాలో అన్యాంగ్ దగ్గర 2022లో మొదలైన ప్లాంటు పట్టిన వాయువుతో ఏడాదికి 1,10,000 టన్నులు చేయగలదు. నిజమే. కానీ అక్కడ హైడ్రోజన్, బొగ్గును కోక్‌గా మార్చే కొలిమిలో పుట్టే కోక్ ఓవెన్ గ్యాసులోంచి ఉపఉత్పత్తిగా వస్తుంది. ఐస్‌లాండ్‌లో 2012లో మొదలైన చిన్న ప్లాంటుకు భూగర్భ వేడితో తీసిన కరెంటు ఉంది. మిగులు హైడ్రోజనో, మిగులు కరెంటో ఉన్నచోట చేసుకోనివ్వండి. బొగ్గు కేంద్రం పక్కన పెట్టడానికి ఈ రెండు ఉదాహరణలూ సాక్ష్యం కావు.

మరి ఎక్కడ పట్టాలి? బొగ్గుకు బదులు ఎండ ఉంది, గాలి ఉంది. సిమెంటుకు బదులు లేదు. ఎర్రగుంట్ల, తాడిపత్రి, జగ్గయ్యపేట, హుజూర్‌నగర్, తాండూరు... తెలుగు నేల మీద సున్నపురాయి ఉన్న ప్రతిచోటా సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం ఉంది. టన్ను సున్నపురాయిని కాలిస్తే 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ఇది బొగ్గు వల్ల వచ్చేది కాదు, రాయి కడుపులోంచే వచ్చేది. రేపు ఆ రాయిని కాల్చే బట్టీని, అంటే కిల్న్‌ను, పూర్తిగా సౌర విద్యుత్తుతో వేడిచేసినా ఈ 440 కిలోలు ఆగవు. సిమెంటు పరిశ్రమ వదిలేదాంట్లో సగానికి పైగా ఇదే. పట్టక తప్పని కర్బనం ఇది. పైగా కిల్న్ పొగలో కార్బన్ డయాక్సైడ్ వాటా థర్మల్ కేంద్రం పొగలోకంటే ఎక్కువ, పట్టడమూ ఆ మేరకు తేలిక.

ఇక్కడ నాకు ఉత్సాహం కలిగించే విషయం ఉంది. ఈ కర్బనాన్ని ఎక్కడ పెట్టాలో ఆ రాయే చెబుతోంది. సున్నం కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి పీల్చుకుని సున్నపురాయి అవుతుంది. పాత సున్నపు గచ్చు ఏళ్లు గడిచేకొద్దీ రాయిలా బిగిసేది ఇందుకే. ఈ చర్యకు హైడ్రోజన్ అక్కర్లేదు. ఆక్సిజన్‌ను ఊడబెరకనక్కర్లేదు, వాయువు మొత్తంగా లోపలికి పోతుంది. శక్తి ఇవ్వాల్సింది పోయి చర్యే వేడిని ఇస్తుంది. ఒకసారి కార్బొనేట్ అయిందంటే మళ్లీ కిల్న్‌లో వేసి కాలిస్తేనో, ఆమ్లం పోస్తేనో తప్ప బయటికి రాదు.

ఊరి బయట సిమెంటు బ్లాకుల యార్డు చూడండి. అచ్చులోంచి తీసిన బ్లాకులను వరుసగా పేర్చి, రోజుల తరబడి పైపుతో నీళ్లు కొడుతుంటారు. వేసవిలో ట్యాంకర్ కొని మరీ కొట్టాలి. నీళ్లు సరిగా పడని బ్లాకు అంచులు చేత్తో నలిపితే రాలిపోతాయి. అవే బ్లాకులను కాస్త ఆరనిచ్చి, మూసి ఉంచే గదిలో పెట్టి కార్బన్ డయాక్సైడ్ వదిలితే రోజుల్లో వచ్చే బలం గంటల్లో వస్తుంది. వాయువు లోపలికి ఎంత వెళ్లిందో తెలుసుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. బ్లాకును పగలగొట్టి, ఆ ముఖం మీద ఫినాఫ్తలీన్ అనే రంగు మారే ద్రావణం చల్లితే చాలు. సున్నం ఇంకా మిగిలిన చోట ముదురు గులాబీ రంగు వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ చేరి రాయిగా మారిన చోట రంగు రాదు. సివిల్ డిప్లొమా విద్యార్థి ల్యాబ్‌లో చేసే పరీక్షే ఇది. సబ్సిడీ తీసుకున్నవాడు నిజంగా కర్బనం ఎక్కించాడా లేదా అన్న తొలి తనిఖీ సైటు మీద నిమిషంలో అయిపోతుంది. మెథనాల్‌కు ఇలాంటి పరీక్ష ఎవరైనా చెప్పగలరా?

దీన్ని అన్నిటికీ వాడలేం. కాంక్రీటులో క్షారగుణం పోతే లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పడుతుంది, కాబట్టి స్లాబుకు, బీముకు వద్దు. చువ్వ లేనివే మనకు కొల్లలుగా ఉన్నాయి. గోడ బ్లాకు, పేవర్ బ్లాకు, రోడ్డు పక్క కర్బ్ రాయి. సిమెంటు వదిలిందంతా ఇవి తిరిగి మింగుతాయని కూడా చెప్పను, మింగలేవు. మింగినంత మాత్రం తరతరాలు బయటికి రాదు.

ఉక్కు కర్మాగారాల్లో లోహం తీశాక మిగిలే వ్యర్థం, అంటే స్లాగ్, సంగతి ఇంకా బాగుంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్‌ను సిమెంటు కంపెనీలు కొనుక్కుంటాయి. ఇనుమును ఉక్కుగా మార్చే కన్వర్టర్ నుంచి వచ్చే ఎల్‌డీ స్లాగ్‌ను మాత్రం కాంక్రీటులో వేయడానికి భయపడతారు. అందులో కలవకుండా మిగిలిన సున్నం తడి తగిలితే ఉబ్బి, గోడను, రోడ్డును చీలుస్తుంది. టన్ను ఉక్కుకు 100 కిలోలకు పైగా పుట్టే ఈ స్లాగ్ అందుకే గుట్టలు పడుతోంది. చీల్చే ఆ సున్నానికే కార్బన్ డయాక్సైడ్ పట్టిస్తే ఉబ్బే గుణం పోయి బ్లాకు గట్టిపడుతుంది. బెల్జియంలో ఆర్బిక్స్, విటో సంస్థలు కార్బ్‌స్టోన్ పేరుతో ఉక్కు స్లాగ్‌ను ఇలాగే, సిమెంటు కలపకుండా, కట్టుబడి బ్లాకులు చేసి చూపించాయి. విశాఖలో స్లాగ్ ఉంది, పొగ ఉంది, బ్లాకులు కొనే నగరం పక్కనే ఉంది. మూడూ ఒకే పిన్‌కోడ్‌లో ఉన్న చోటు దేశంలో ఎన్ని ఉంటాయి?

రసాయనాల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. వాయువును విడగొట్టకుండా అలాగే ఇముడ్చుకునేవాటికి ఇవ్వండి. జర్మనీలోని డోర్మాగెన్‌లో కోవెస్ట్రో కంపెనీ 2016 నుంచి పరుపుల ఫోమ్‌కు వాడే పాలియోల్ అనే ముడిసరుకులో 20 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కిస్తోంది. ఆస్పిరిన్‌కు మూలమైన సాలిసిలిక్ యాసిడ్ పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఈ వాయువుతోనే తయారవుతోంది. మంచి కెమిస్ట్రీ, మంచి వ్యాపారం. పరిమాణం చిన్నది, అంతకంటే ఎక్కువ ఆశించకూడదు.

రాయి దారి ఇంత మేలైనదైతే మన ఊళ్లో ఎందుకు కనబడదు? పరిశోధన లేక కాదు. 2025లో కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ సిమెంటు రంగంలో అయిదు ప్రయోగ కేంద్రాలు ప్రకటించింది. అందులో ఒకదానిలో ఐఐటీ తిరుపతి భాగస్వామి, కిల్న్ పొగలోంచి వాయువును వేరుచేసి నిర్మాణ సామగ్రిలో కలపడమే దాని పని. మన దగ్గర ల్యాబ్‌లో పుట్టిన వస్తువు బజారుకు రాకపోవడానికి ఒక పుస్తకం అంత మామూలు కారణం ఉంది. అది ప్రభుత్వ పనుల్లో వాడే వస్తువుల రేట్ల పట్టిక, స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్, అందరూ అనే ఎస్‌ఎస్‌ఆర్. చీఫ్ ఇంజనీర్ల బోర్డు ఖరారు చేసే ఆ పుస్తకంలో లైను లేని వస్తువు అంచనాల్లోకి రాదు. అంచనాల్లో లేనిది టెండరులో ఉండదు, టెండరులో లేనిది కాంట్రాక్టరు కొనడు. అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) తన సొంత తెలివితో కొత్త బ్లాకు రాస్తే రేపు ఆడిట్ అభ్యంతరానికి జవాబు చెప్పుకోవాల్సింది అతనే. ఈ దేశంలో కొత్త సాంకేతికతను ఆపుతున్నది శాస్త్రం చాలకపోవడం కాదు, ప్రభుత్వం కొనకపోవడం. సౌర పలకల నుంచి కొత్త వంగడాల దాకా నేను చూసినంతలో ఇదే కథ.

కొంటే ఏమవుతుందో చెప్పడానికి విశాఖే సాక్షి. ఇన్‌స్వారెబ్ సంస్థకు చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అక్కడే ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రాల బూడిద), సున్నం, జిప్సం కలిపి, బట్టీలో కాల్చకుండానే గట్టిపడే ఫాల్-జి ఇటుకను రూపొందించారు. ఎంత మంచి ఇటుకైనా దాని మంచితనంతోనే ఊరూరికీ చేరలేదు. థర్మల్ కేంద్రాల చుట్టూ 50 కిలోమీటర్లలోపు ఇటుకల్లో బూడిద కలపాల్సిందేనని 1999లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ పరిధి 2003లో 100 కిలోమీటర్లు, 2016లో 300 కిలోమీటర్లు అయింది. బూడిద వదిలించుకోవడం కేంద్రాల బాధ్యత, బూడిద ఇటుక వాడటం కట్టేవాళ్ల బాధ్యత అని రాసిపెట్టాకే ఊరూరా ఫ్లైయాష్ ఇటుకల యూనిట్లు లేచాయి. చిన్న పెట్టుబడితో, చదువుకున్న కుర్రాళ్లు, మహిళా సంఘాలు నడిపినవి వాటిలో ఎన్నో. గ్రాంటు ఇచ్చినవాటికి రాని బలం ఆర్డరు ఇచ్చినవాటికి వచ్చింది.

అమరావతిలో ఇప్పుడు వేల కోట్ల పనులు నడుస్తున్నాయి. హైదరాబాద్ శివార్లలో ఫ్యూచర్ సిటీ అంటున్నారు. ఈ రెంటిలో ఎన్ని కిలోమీటర్ల ఫుట్‌పాత్, ఎన్ని లక్షల కర్బ్ రాళ్లు, ఎంత ప్రహరీ గోడ! వాటిలో పదో వంతు కార్బన్ డయాక్సైడ్‌తో గట్టిపరచిన బ్లాకులే వాడాలని, ధర మామూలు బ్లాకు కంటే ఇంత శాతం దాకా ఎక్కువ ఉన్నా అంగీకరిస్తామని రెండు ప్రభుత్వాలూ టెండరు షరతుల్లో రాయాలి. వచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌లో దానికో లైను, ఆ లైను కింద ఫినాఫ్తలీన్ పరీక్ష, బలం పరీక్ష రెండూ చేర్చాలి. కేంద్రం ఇచ్చే 20,000 కోట్లలోంచి ఆ ధర తేడాను బ్లాకుకు ఇంత అని చెల్లించాలి, బ్లాకు గోడలో చేరాకే చెల్లించాలి. జగ్గయ్యపేట కిల్న్ నుంచి అమరావతికి లారీ రెండు మూడు గంటల్లో వస్తుంది.