తూకానికి పోతున్న గ్రంథాలు

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాల ముందు ఓ గంట నిలబడితే చాలు, ఎవరి ఇంటి గ్రంథాలయమో చెదిరిపోవడం కళ్లారా చూడొచ్చు. అట్ట ఊడిన నిఘంటువు, ఏడాది వారీగా బైండు చేయించిన పత్రికల సంపుటాలు, లోపలి పుటపై ఊదారంగు సిరాతో యజమాని పేరు, కొన్న తేదీ. పద్యం పక్కన పెన్సిలుతో రాసుకున్న అర్థాలు. ఒక మనిషి యాభై ఏళ్లు ఏరికోరి కూర్చుకున్నది, ఇల్లు ఖాళీ చేసే వారంలో కాటా ఎక్కుతుంది. పిల్లలను తప్పుపట్టలేం. ఇల్లు బిల్డరుకు అప్పగించే గడువు ముంచుకొస్తుంటే, పుస్తకాలు ఎవరికివ్వాలో చెప్పే దిక్కు లేదు.

ఇచ్చేవారిపట్ల చట్టం చూపే ఆదరణా అంతంతమాత్రమే. గుర్తింపు పొందిన సంస్థకు వెయ్యి రూపాయల చెక్కు ఇస్తే 80జి సెక్షన్ కింద ఆదాయపు పన్నులో మినహాయింపు అడగొచ్చు. చారిత్రక ప్రాధాన్యం ఉన్నట్టు ప్రభుత్వం ప్రకటించిన గుడికో మసీదుకో చర్చికో మరమ్మతుల కోసం ఇచ్చిన సొమ్ముకూ ఆ వెసులుబాటు ఉంది. తాళపత్రాల కట్టలు, వందేళ్ల నాటి తొలి ముద్రణలు గ్రంథాలయానికి ఇస్తే మాత్రం మినహాయింపు సున్నా. విరాళమంటే డబ్బేనన్నది ఆ సెక్షన్ నియమం. పైగా కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి 80జి అసలే వర్తించదు.

పుస్తకదానం మనకు కొత్త కాదు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిసింది. అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిందీ ఈ ఊళ్లోనే. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయానికి లంకా సూర్యనారాయణ జీవితకాలపు సేకరణే పునాది. వీరెవరూ పన్ను లెక్కలు చూసుకుని పుస్తకాలు కూడబెట్టలేదు. కానీ అలాంటి వ్యక్తి ప్రతి వీధిలో ఉంటాడని ఆశపడి విధానాలు రాయలేం.

బ్రిటన్ 2013లో ఒక పథకం తెచ్చింది. జాతికి విలువైన కళాఖండాలు, రాతప్రతులు ప్రజా సంస్థలకు ఇచ్చిన వ్యక్తికి, వాటి విలువలో 30 శాతం మేరకు పన్ను తగ్గిస్తారు. అయిదేళ్లలో వాడుకోవచ్చు. ఇచ్చేది నిజంగా అంత విలువైనదా కాదా అని నిపుణుల సంఘం పరిశీలిస్తుంది. అక్కడ వారసత్వపు పన్నుకు బదులుగా ఇలాంటివి అప్పగించే దారి మరొకటుంది. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ, అంటే చనిపోయినవారి ఆస్తిపై వేసే పన్ను, 1985లోనే రద్దయింది కాబట్టి, ఆదాయపు పన్నులోనే చోటు వెతకాలి.

విలువ పెంచి రాయించుకుని పన్ను ఎగ్గొడతారన్న అనుమానం సహేతుకమే. అందుకే దాత తెచ్చుకున్న మదింపు చెల్లకూడదు. రాతప్రతులు చదవగల పండితుడు, గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు, పాత పుస్తకాల ధర తెలిసినవారు కూర్చుని ఖరారు చేయాలి. పింఛను మీద బతికే విశ్రాంత ఉపాధ్యాయుడికి కట్టాల్సిన పన్నే ఉండకపోవచ్చు. ఆయన పేరిట పిల్లలు ఆ మినహాయింపు వాడుకునే వీలుండాలి. మా దృష్టిలో అసలు కీలకం ఇదే. ఎందుకంటే మంచి సేకరణలు ఎక్కువగా ఉన్నది ఇలాంటి ఇళ్లలోనే.

పుచ్చుకునే చేతులూ గట్టిగా ఉండాలి. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎప్పటికప్పుడు జమచేస్తే, చెదలు పట్టని బీరువాలు, కేటలాగు రాసే మనిషి, స్కానరు అందని కోరికలేమీ కావు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ల కింది అంతస్తులను ముంచెత్తడం చూశాం. అరుదైన ప్రతులను పై అంతస్తులోనే ఉంచాలని ప్రత్యేకించి చెప్పాలా?

రాష్ట్ర ప్రభుత్వం వచ్చే కేంద్ర బడ్జెట్ సంప్రదింపుల్లోనే 80జి నియమం సడలించాలని కోరాలి. అంతవరకు ఆగనక్కర్లేని పని ఒకటుంది. దాతకు ‘పుస్తకాలు, మూడు బస్తాలు’ అని రాసిన చీటీ కాకుండా, ప్రతి గ్రంథం పేరు, ముద్రణ సంవత్సరం ఉన్న రసీదు ఇవ్వడం జిల్లా గ్రంథాలయ సంస్థలు ఈ నెల నుంచే మొదలుపెట్టవచ్చు. రేపు చట్టం మారితే, మినహాయింపు అడగడానికి ఆ కాగితమే ఆధారమవుతుంది.