బస్సు వస్తే చాలదు, పెద్దాసుపత్రి దాకా రావాలి

కర్నూలులో ఎవరినడిగినా పాత బస్టాండ్ ఎక్కడో చెబుతారు. కొత్త బస్టాండ్ వచ్చి ఏళ్లు గడిచినా ఆ పేరు పోలేదు. పోదు కూడా. కొండారెడ్డి బురుజు, వన్‌టౌన్ అంగళ్లు, పెద్దాసుపత్రి... జనానికి రోజూ పనిపడేది ఇంకా అటువైపే.

శివారు కాలనీలకు ఆగిపోయిన టౌన్ బస్సు మళ్లీ వేయమని అడిగితే, ఏ ఊళ్లోనైనా వినిపించే జవాబు ఒకటే: "వేసి చూశాం, ఎక్కేవాళ్లు లేరు." ఈ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ ఎలా వేశారన్నది అడగాలి. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు వేసి, అదీ ఊరి మొదట్లోనే తిప్పేస్తే ఎవరెక్కుతారు? అత్తను ఓపీకి తీసుకెళ్లే కోడలినే తీసుకోండి. చీటీ రాయించుకుని, డాక్టరుకు చూపించి, మందులు తీసుకునేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అప్పుడు తిరుగు బస్సు ఉండదు. వచ్చేటప్పుడు ఎలాగూ ఆటో తప్పదు కాబట్టి పోయేటప్పుడూ ఆటోనే ఎక్కుతుంది. బస్సు ఖాళీగా పోతుంది. డిపో లెక్కలో ఆక్యుపెన్సీ, అంటే నిండిన సీట్ల శాతం, పడిపోతుంది, ఆ లెక్క చూపించి ఉన్న ట్రిప్పు కూడా తీసేస్తారు.

టిక్కెట్ మిషన్‌లో ఏ స్టేజీలో ఎందరెక్కారో తెలుస్తుంది. ఎక్కాలనుకుని, బస్సు లేక మానుకున్నవాళ్లు ఎందరో ఏ మిషనూ చెప్పదు.

ఈ ఊరికి శివార్లు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వెలసిన ఎ, బి, సి క్యాంపులే అప్పటి శివార్లు. ఈరోజు సి క్యాంపును శివారు అంటే నవ్వుతారు. ఇప్పటి శివారు కల్లూరు అవతల, నంద్యాల చెక్‌పోస్టు దాటి, జగన్నాథగట్టు దగ్గర పేదలకు ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇళ్ల దాకా పోయింది. ఇల్లు ఊరి బయట, కూలి ఊరి లోపల. ఆ మధ్య దూరానికి అయ్యే ఖర్చు ఇల్లు కేటాయించినప్పుడు ఎవరూ లెక్కవేయలేదు.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం అమల్లోకి వచ్చింది. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్‌లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే ఆడవాళ్లకు డబ్బులు తీసుకోకుండా జీరో టిక్కెట్ ఇస్తున్నారు. మంచి పథకమే, నాకు పేచీ లేదు. కాకపోతే బస్సు తిరగని కాలనీలో ఆధార్ కార్డు ఎవరికి చూపించాలి? ఊరి నడుమ ఉండే ఆవిడకు ప్రయాణం ఉచితం. అంతకంటే పేదరాలై ఊరి చివరకు చేరినావిడ షేర్ ఆటోకు పోనూ రానూ డబ్బులు పెట్టుకుంటోంది. ఇంకో మాట. జీరో టిక్కెట్ సొమ్మును ప్రభుత్వం భరిస్తున్నప్పుడు రూటు బతకాలా వద్దా అని తేల్చే లెక్కలో ఆ టిక్కెట్టును కూడా పూర్తి ఆదాయంగానే చూడాలి.

ఆటోవాళ్ల పొట్ట కొడుతున్నారనే మాట ఎలాగూ వస్తుంది. ఫైనాన్స్ కంతులు కట్టుకునేవాళ్లు, వాళ్ల భయం వాళ్లది. అయితే బస్సు మెయిన్ రోడ్డు మీదే పోతుంది కానీ కాలనీ సందుల్లోకి రాదు కదా! సందు నుంచి స్టాపు దాకా ఆటో బేరం ఉంటుంది. ఇప్పుడున్నంత ఉండదు, అది ఒప్పుకోవాల్సిందే.

పాత ఊరి రోడ్లు ఇరుకన్నది మాత్రం నిజమైన ఇబ్బంది. పెద్ద బస్సు అక్కడ మలుపు తిరగాలంటే డ్రైవరుకు టెన్షనే. దానికీ దారి ఉంది. కేంద్రం 2023లో ఆమోదించిన కరెంటు బస్సుల పథకం పీఎం ఈ-బస్ సేవ కింద ఎంపికైన నగరాల్లో కర్నూలు కూడా ఉంది. ఆ పథకంలో 12 మీటర్ల బస్సులే కాదు, 9 మీటర్లవి, 7 మీటర్లవి కూడా ఉన్నాయి. శివారు రూట్లకు చిన్నవే అడగాలి. పెద్ద బస్సు గంటన్నరకొకటి వచ్చేకంటే చిన్నది ఇరవై నిమిషాలకొకటి రావడం నయం. టైమ్ చూసుకోకుండా స్టాపుకు వెళ్లి నిలబడగలిగితేనే జనం ఆటో మానేస్తారు. అలవాటు పడటానికి నెల చాలదు, కనీసం ఆరు నెలలు నడపాలి.

రాత్రి చివరి బస్సు ఏడింటికే ఆపేయకూడదు. తొమ్మిదిన్నరకు పాత బస్టాండ్‌లో కదలాలి. బట్టల షాపుల్లో పనిచేసే ఆడపిల్లలు షట్టర్ దించాకే కదా బయటపడేది.