ట్రక్కు ఇచ్చినవాడే లోడు ఇస్తే

అమెరికాలో సొంత ట్రక్కు నడుపుకోవాలనుకునే డ్రైవరు ముందు సాధారణంగా రెండు దారులుంటాయి. డౌన్‌పేమెంటు కట్టి, బ్యాంకులోనో ఫైనాన్సు కంపెనీలోనో అప్పు తీసుకుని బండి కొనుక్కోవడం ఒకటి. తాను సరుకు మోసే రవాణా సంస్థ దగ్గరే బండిని లీజుకు తీసుకుని, వారం వారం కిస్తీ కడుతూ గడువు తీరాక సొంతం చేసుకునే లీజ్-పర్చేజ్ ఒప్పందం రెండోది. ఇందులో డౌన్‌పేమెంటు చాలాచోట్ల ఉండదు, క్రెడిట్ స్కోరు పట్టించుకోరు. పొదుపు లేనివారు, కొత్తగా లైసెన్సు పొందినవారు అటు మొగ్గడంలో వింత లేదు. అయితే ఈ రెండింటినీ కిస్తీ సొమ్ముతో పోల్చి తేల్చుకోవడం సరికాదని మా అభిప్రాయం. లోడు ఎవరి చేతిలో ఉంటుందన్నదే ముందుగా చూడాలి.

లీజ్-పర్చేజ్‌లో ట్రక్కు ఇచ్చేదీ, లోడు ఇచ్చేదీ, డ్రైవరు రాబడి లెక్కగట్టి అందులోంచి కిస్తీ కోసుకునేదీ ఒకే సంస్థ, లేదా దాని అనుబంధ సంస్థ. వారం చివర వచ్చే సెటిల్‌మెంట్ కాగితంలో ఈ సంగతి కళ్లకు కడుతుంది. పైన లోడ్ల మీద వచ్చిన రాబడి ఉంటుంది. దాని కింద ట్రక్కు కిస్తీ, డీజిల్, బీమా, ట్రైలరు అద్దె, మరమ్మతుల నిధికి మైలుకింత, ఎస్క్రో ఖాతాకు, అంటే డ్రైవరు పేర సంస్థ హామీగా పట్టి ఉంచుకునే సొమ్ముకు, మరికొంత. లోడ్లు తగ్గిన వారం పై అంకె తగ్గుతుంది గానీ కిస్తీ, బీమా తగ్గవు. లోటు వస్తే అది వచ్చే వారానికి బాకీగా చేరుతుంది. వేరేచోట మంచి లోడు ఉందని తెలిసినా ఆ బండితో వేరే సంస్థకు పనిచేయడానికి చాలా ఒప్పందాలు ఒప్పుకోవు. మధ్యలో మానేస్తే బండి వాళ్లకే పోతుంది, అంతవరకు కట్టినది అద్దె కింద జమ అవుతుంది. అదే బండి మరో డ్రైవరుకు మళ్లీ లీజుకు వెళ్తుంది.

కిస్తీ వారానికి 900 డాలర్లు అనుకుందాం. నాలుగేళ్లకు, అంటే 208 వారాలకు, అది 1,87,200 డాలర్లవుతుంది. వారానికి 2,500 మైళ్లు తిరిగితే, మైలుకు 10 సెంట్ల మరమ్మతుల నిధి మరో 250 డాలర్లు. గడువు చివర్లో పెద్ద మొత్తం ఒక్కసారిగా కట్టమనే ఒప్పందాలూ ఉన్నాయి, అప్పటికి ఆ బండి 5 లక్షల మైళ్లు దాటి ఉంటుంది.

కొనుగోలులో కష్టాలు లేవని మేము అనడం లేదు. కొత్త భారీ ట్రక్కు మీద 12 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను పడుతుంది. పాతది కొంటే ఇంజను మరమ్మతులకే వేల డాలర్లు కావాలి. 2021-22లో సరుకు రవాణా జోరు చూసి అధిక ధరకు పాత బండ్లు కొన్నవారిలో చాలామంది, ఆ తర్వాత రేట్లు పడిపోయాక, బండి విలువకు మించిన అప్పుతో మిగిలారు. అయినా ప్రతి వాయిదాతో అప్పు అసలు తరుగుతుంది. నచ్చని సంస్థను వదిలి బండితో సహా మరోచోటికి వెళ్లవచ్చు, తప్పనిసరైతే అమ్ముకోవచ్చు. అందుకే చేతిలో సొమ్ము లేని డ్రైవరు ఒకటి రెండేళ్లు కంపెనీ బండి నడిపి డౌన్‌పేమెంటు, మరమ్మతుల నిధి కూడబెట్టుకోవడమే మేలని మేము భావిస్తున్నాము.

డ్రైవరు జాగ్రత్త ఒక్కటే సరిపోదు. ఫెడరల్ లీజు నిబంధనల ప్రకారం రాబడిలోంచి కోసుకునే మినహాయింపులన్నీ ఒప్పందంలో రాయాలి. ఒప్పందం ముగిసిన 45 రోజుల్లోగా ఎస్క్రో సొమ్ము తిరిగివ్వాలి. కానీ రాసి ఉంటే చాలు, ఆ మినహాయింపు న్యాయమైనదా అని అడిగే దిక్కు లేదు. న్యూ ప్రైమ్ వర్సెస్ ఒలివేరా కేసులో 2019లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, స్వతంత్ర కాంట్రాక్టర్లుగా నమోదైన డ్రైవర్లను ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం పేరుతో కోర్టుకు బదులు ప్రైవేటు మధ్యవర్తిత్వానికి బలవంతంగా పంపకూడదని తేల్చి కొంత ఊరటనిచ్చింది. 2021 మౌలిక వసతుల చట్టం కింద ఏర్పడిన ట్రక్ లీజింగ్ టాస్క్ ఫోర్స్ ఇంకా ముందుకెళ్లి, ఈ ఒప్పందాలను నిషేధించాలని 2025 జనవరిలో నివేదించింది.

నిజాయితీగా నడిపే సంస్థలు అసలే లేవని మేము అనము. కానీ కిస్తీ కట్టించుకునేవాడే ఆ కిస్తీకి సరిపడా లోడు ఇవ్వాలో వద్దో నిర్ణయించే ఏర్పాటులో డ్రైవరు బతుకు ఎదుటివాడి మంచితనం మీదే ఆధారపడుతుంది. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఆ టాస్క్ ఫోర్స్ నివేదికను అటకెక్కించకుండా చట్టం తేవాలి. అది వచ్చేలోగా కనీసం రెండు నిబంధనలు తక్షణం అవసరం: సంస్థ లోడు ఇవ్వని వారానికి కిస్తీ వసూలు చేయకూడదు, డ్రైవరు మరో సంస్థకు మారినా, కిస్తీ సక్రమంగా కడుతున్నంతకాలం బండిని వెనక్కి లాక్కోకూడదు.