కొత్తల్లుడు, నల్ల మూతలు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి గేముల బొమ్మలు గీసే ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఇంటికొచ్చిన రోజున దానికి కొత్తల్లుడి మర్యాదలే జరిగాయి. నాన్నగారు అట్టపెట్టె మీది అక్షరాలన్నీ చదివి, "115 వాట్లా? కరెంటు బిల్లు నువ్వే కట్టు" అన్నారు. కుర్రాడు పైనున్న పొడుగు స్లాటులో కార్డును టక్కుమనేదాకా నొక్కాడు. 8 పిన్నుల పవర్ వైరు గుచ్చాడు. 550 వాట్ల సప్లై సరిపోతుందని లెక్క కూడా చూసుకున్నాడు. అన్నీ సవ్యంగానే చేశాడు, ఒక్క మానిటర్ వైరు తప్ప.

కార్డు వెనక పోర్టులకు నల్ల ప్లాస్టిక్ మూతలున్నాయి. దుమ్ము పడకుండా పెట్టినవి. మూసి ఉన్నాయంటే వాడకూడదు కాబోలనుకుని, పైన యూఎస్‌బీల పక్కనున్న మదర్‌బోర్డు హెచ్‌డీఎమ్ఐలో పెట్టాడు.

తెర నల్లగా ఉండిపోయింది. బోర్డుకి బుద్ధుంది. కార్డు కనబడగానే ప్రాసెసర్‌లోని ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌ను ఆపేసింది. చాలా బోర్డులకు ఉన్న అలవాటే అది. వైరు మార్చరా నాయనా అని చెప్పడానికి దానికి ఇంతకంటే నోరు లేదు. మనవాడు కార్డు పీకి, బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి, కార్డు ఉన్నా ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌ను నడవనిచ్చే ఐజీపీయూ మల్టీ మానిటర్ ఆప్షన్ ఆన్ చేసి, కార్డు మళ్లీ పెట్టాడు. బొమ్మ వచ్చింది! తప్పు చేయడానికి ఇంత కష్టపడేవాళ్లు అరుదు.

గేమ్ పెట్టాడు. సెకనుకు 12 ఫ్రేములు, అంటే 12 బొమ్మలే. కారు మలుపు తిరిగేలోగా పప్పన్నం కలుపుకోవచ్చు. గేమ్ పాతది, మానిటర్ ఏ గ్రాఫిక్స్‌కి తగిలించి ఉంటే దాన్నే పట్టుకుంటుంది. ఆ అల్ట్రా సెట్టింగుల బరువంతా ఐ5-12400 ప్రాసెసర్‌లోని ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ యూహెచ్‌డీ 730 నెత్తిన పడింది. షేర్ ఆటోలో పదహారుమంది ఎక్కినట్టు. టాస్క్ మేనేజర్ తెరిస్తే జీపీయూ 0 (ఆ ఇన్‌బిల్ట్ గ్రాఫిక్సే) దగ్గర 99 శాతం. "పాపం, కార్డు ఎంత కష్టపడుతోందో" అని జాలిపడ్డాడు. ఆ కిందే జీపీయూ 1, సున్నా శాతంతో, కొత్తల్లుడు కదా, కాలు మీద కాలేసుకుని కూర్చుంది. దాని ఫ్యాన్లు కూడా తిరగడం లేదు. వేడెక్కితేగా తిరగడానికి!

8 జీబీ ర్యామ్ ఒకటే ఉందని ఇంకోటి కొన్నాడు. శ్రద్ధగా 2, 4 స్లాటుల్లో పెట్టాడు. 17 ఫ్రేములయ్యాయి! ఇక్కడే మోసపోయాడు. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్ దగ్గరే చేబదులు తీసుకుంటుంది. రెండు ముక్కలూ జంటగా పనిచేస్తే దానికి దారి రెట్టింపవుతుంది, అందుకే ఆ అయిదు ఫ్రేములు. కార్డుకైతే సొంత ఆస్తి 8 జీబీ ఉంది, ఎవరూ అడగడం లేదంతే.

ఇక వరస పెట్టాడు. విండోస్, డ్రైవర్లు మళ్లీ ఎక్కించాడు. ప్రాసెసర్ వేడిని లాగే థర్మల్ పేస్టు తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టాడు. ఇంటర్నెట్ ప్లాను పెంచమన్నాడు. "నువ్వొక్కడివే ఆడుకునే ఆటకి ఇంటర్నెట్టెందుకురా?" అన్నారు నాన్నగారు. ఆ వారమంతా ఆ ఇంట్లో వినబడిన సరైన సాంకేతిక సలహా అదొక్కటే.

సంక్రాంతి ముందు బూజు దులుపుళ్లలో అమ్మ కంప్యూటర్ని పక్కకి జరిపి, వైర్లన్నీ పీకి తుడిచింది. కింద వరసలో నల్ల మూతలు చూసి "ఏమిటీ చెత్త" అని లాగేసింది. హెచ్‌డీఎమ్ఐ వైరు పట్టిన మొదటి కన్నంలో పెట్టేసింది. అది కార్డుది.

సాయంత్రం ఫ్రేముల అంకె 130 దాటింది. "చూశావా అమ్మా, పేస్టు మహిమ!" అని ఎగిరాడు కుర్రాడు. మానిటర్ 144 హెర్ట్జ్‌ది. విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో మాత్రం అది ఇంకా 60 దగ్గరే ఉంది, కాబట్టి సెకనుకు తెర మారేది 60 సార్లే. ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఆన్ చేయక 3200 ర్యామ్ కూడా 2666లోనే నడుస్తోంది. వాటికి ఉగాది దులుపుళ్లున్నాయి.

మూతల్ని అమ్మ సూదీదారం డబ్బాలో వేసింది, ఎప్పుడైనా పనికొస్తాయని.