సమ్మెలు ఎక్కువ, సభ్యులు తక్కువ: ఫ్రెంచి కార్మిక సంఘాల చిక్కు

ఫ్రాన్స్‌లో రైళ్లు నిలిచిపోయాయనో, విమానాలు రద్దయ్యాయనో వార్త వచ్చిన ప్రతిసారీ, అక్కడి కార్మిక సంఘాలు ఎంత బలమైనవో అన్న వ్యాఖ్య వెంటే వస్తుంది. సభ్యత్వపు లెక్కలు చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఆ దేశంలో ఏదో ఒక సంఘంలో చేరిన ఉద్యోగులు నూటికి పది మంది ఉంటారు. ప్రైవేటు రంగాన్ని విడిగా తీసుకుంటే ఎనిమిది మందికి కాస్త అటూ ఇటూ. స్వీడన్‌లో ప్రతి ముగ్గురిలో ఇద్దరు సంఘ సభ్యులే అయినా అక్కడ సమ్మె జరగడం అరుదు. ఇంత తక్కువ సభ్యులున్న సంఘాలు దేశాన్ని ఎలా స్తంభింపజేస్తున్నాయి, స్తంభింపజేసి కూడా ఈ పదిహేనేళ్లలో ఎందుకు ఓడిపోతూ వచ్చాయి అన్న రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటేనని నా అభిప్రాయం. ఫ్రెంచి సంఘాలు మొదటి నుంచీ యాజమాన్యం కన్నా ప్రభుత్వాన్నే ఉద్దేశించి మాట్లాడుతూ వచ్చాయి. వినాలన్న ఆసక్తి ప్రభుత్వానికి తగ్గిపోయాక వాటికి మరో దారి దొరకలేదు.

దీని పుట్టుక చాలా వెనక్కి వెళ్తుంది. విప్లవం వచ్చిన రెండేళ్లకే, 1791లో, లె షాప్లియే చట్టం కార్మికులు సంఘాలుగా ఏర్పడటాన్ని నిషేధించింది. పౌరుడికీ రాజ్యానికీ నడుమ మరే కూటమీ ఉండకూడదన్నది ఆనాటి విప్లవకారుల పట్టుదల. సమ్మె నేరం కాకుండా పోవడానికి 1864 దాకా, సంఘం పెట్టుకునే హక్కు రావడానికి 1884 దాకా ఆగవలసి వచ్చింది. అంటే ఫ్రెంచి చట్టంలో సంఘం కన్నా సమ్మె ఇరవై ఏళ్లు పెద్దది. 1895లో లిమోజ్ నగరంలో పుట్టిన సీజీటీ అనే కార్మిక సంఘాల సమాఖ్య, 1906 నాటి అమియాన్ ప్రకటనలో, సంఘం ఏ రాజకీయ పార్టీకీ లోబడి ఉండదని తీర్మానించుకుంది. తర్వాతి కాలంలో అదే సీజీటీ దశాబ్దాల పాటు కమ్యూనిస్టు పార్టీ నీడన నడిచిందన్నది వేరే సంగతి. ఆ కారణంగానే 1947లో అది చీలి ఫోర్స్ ఊవ్రియేర్ అనే మరో సమాఖ్య ఏర్పడింది.

1946 రాజ్యాంగ పీఠిక సమ్మెను హక్కుగా గుర్తించింది. ఈ హక్కు సంఘానిది కాదు, ఒక్కొక్క ఉద్యోగిది. జర్మనీలో సమ్మెకు పిలుపునిచ్చే అధికారం సంఘానికే ఉంటుంది, అదీ వేతన ఒప్పందం కోసమే. ప్రభుత్వ విధానానికి వ్యతిరేకంగా సమ్మె చేయడం అక్కడ చట్టబద్ధం కాదు. ఫ్రాన్స్ ప్రైవేటు రంగంలో అయితే ఏ సంఘంలోనూ లేని కొందరు కార్మికులు కలిసి తమ డిమాండ్లు చెప్పి, ముందస్తు నోటీసు లేకుండానే పని ఆపేయవచ్చు. ప్రభుత్వ సేవల్లో మాత్రం గుర్తింపు పొందిన సంఘం ఐదు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇంత విశాలమైన హక్కుకు వెల కూడా ఉంది. సమ్మె రోజుకు జీతం రాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఒక్క గంట సమ్మె చేసినా ఆ రోజు జీతమంతా పోతుంది. సభ్యుల చందాలు తక్కువ కనుక, సీఎఫ్‌డీటీ అనే సమాఖ్యను మినహాయిస్తే, సమ్మెలో ఉన్నవారిని ఆదుకునే శాశ్వత నిధి ఉన్న పెద్ద సంఘం దాదాపు లేదు. అందుకే ఒక రోజు సమ్మె, ఒక ఊరేగింపు, పది రోజుల విరామం, మళ్లీ ఊరేగింపు అన్న పద్ధతి స్థిరపడింది. 2018లో రైల్వే సంఘాలు ప్రతి ఐదు రోజుల్లో రెండు రోజులు చొప్పున మూడు నెలలు సమ్మె నడిపాయి. బయటి నుంచి చూసేవారికి అది ఎంతో ఉద్ధృతమైన పోరాటంగా కనిపించింది. నిజానికి అది నెలాఖరు జీతాన్ని కాపాడుకుంటూ వేసుకున్న లెక్క. ఆ సమ్మె తర్వాత కూడా, 2020 జనవరి నుంచి కొత్తగా చేరే రైల్వే ఉద్యోగులకు పాత రక్షణలు రద్దయ్యాయి.

సభ్యత్వం ఎందుకు పెరగదన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం. ఒక పరిశ్రమలోని యాజమాన్యాల సంఘమూ కార్మిక సంఘాలూ ఒప్పందం చేసుకుంటే, కార్మిక శాఖ మంత్రి ఒక ఉత్తర్వుతో దానిని ఆ రంగంలోని సంస్థలన్నిటికీ వర్తింపజేయగలరు. దాని ఫలితంగా ఉద్యోగుల్లో నూటికి తొంభై మందికి పైగా ఏదో ఒక సామూహిక ఒప్పందం కిందికి వస్తారు. చందా కట్టినవారికీ కట్టనివారికీ ఒకటే జీతపు పట్టిక, ఒకటే సెలవులు. అలాంటప్పుడు చేరి చందా కట్టేది పట్టుదల ఉన్నవారు, లేదంటే ఆపదలో పడినవారు. పైగా 1966 నుంచి 2008 దాకా ఐదు సమాఖ్యలకు సభ్యుల సంఖ్యతో నిమిత్తం లేకుండా ప్రాతినిధ్య హోదా ఉండేది. 2008 చట్టం దానిని మార్చి, సంస్థ స్థాయిలో పది శాతం, జాతీయ స్థాయిలో ఎనిమిది శాతం ఓట్లు వస్తేనే బేరసారాలకు కూర్చోనిస్తానంది. సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు తెలిసిన పాఠకులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. చేరడం వేరు, ఓటు వేయడం వేరు. ఆ లెక్కలో సంప్రదింపులకు మొగ్గు చూపే సీఎఫ్‌డీటీ 2017లో ప్రైవేటు రంగంలోనూ, 2018లో మొత్తంగానూ సీజీటీని దాటి మొదటి స్థానానికి వచ్చింది.

ఈ రెండు సమాఖ్యల ధోరణులు ఎంత వేరో 2022 అక్టోబరులో చమురు శుద్ధి కర్మాగారాల సమ్మె చూపించింది. టోటల్ ఎనర్జీస్ సంస్థతో సీఎఫ్‌డీటీ, మేనేజర్ల సంఘం కలిసి ఏడు శాతం పెంపుకు సంతకం చేస్తే, పది శాతం అడిగిన సీజీటీ సమ్మెను కొనసాగించింది. పెట్రోలు బంకుల ముందు బారులు పెరిగాక, ప్రభుత్వం అధికార ఉత్తర్వులతో కొందరు సిబ్బందిని పనిలోకి రప్పించింది. జీతం గురించి యాజమాన్యంతో మొదలైన తగాదా కూడా రెండు మూడు వారాల్లో ప్రభుత్వం గుమ్మానికే చేరడం గమనించదగ్గది.

గతంలో ఈ మార్గం ఫలించింది. 1936లో లియోన్ బ్లూమ్ ప్రభుత్వం ఏర్పడే నాటికి కర్మాగారాలు కార్మికుల ఆక్రమణలో ఉన్నాయి; ప్రధాని నివాసమైన మతిన్యోం భవనంలో యాజమాన్యాలూ సీజీటీ సంతకాలు చేశాక, చట్టసభ రెండు వారాల జీతంతో కూడిన సెలవులనూ నలభై గంటల పనివారాన్నీ ఇచ్చింది. 1968 మేలో గ్రెనెల్ వీధిలోని కార్మిక మంత్రిత్వ శాఖలో జరిగిన చర్చల్లో కనీస వేతనం 35 శాతం పెరిగింది. 1995 చివర్లో ప్రధాని అలెన్ జూపే రైల్వే ఉద్యోగుల ప్రత్యేక పింఛన్లను ముట్టుకోబోతే దాదాపు మూడు వారాలు రైళ్లు నడవలేదు. సొంతంగా సమ్మె చేయలేని ప్రైవేటు ఉద్యోగులు మంచులో నడిచి పనికి వెళ్తూ కూడా రైల్వే సిబ్బందికి మద్దతు పలికారు. జూపే పింఛన్ల భాగాన్ని వెనక్కి తీసుకున్నారు. 2006లో యువత కోసమంటూ తెచ్చిన తొలి ఉద్యోగ ఒప్పందం, చట్టమై అచ్చయ్యాక కూడా, విద్యార్థులూ సంఘాలూ కలిసి వీధుల్లోకి రావడంతో మూలన పడింది.

ఆ తర్వాత పాలకులు పాఠం నేర్చుకున్నారు. 2007 చట్టం ప్రకారం ప్రజా రవాణా సిబ్బంది తాము సమ్మెలో చేరేదీ లేనిదీ 48 గంటల ముందే వ్యక్తిగతంగా తెలపాలి. దాంతో ఏ రైలు నడుస్తుందో ముందే చెప్పగలిగారు. ఇకపై ఫ్రాన్స్‌లో సమ్మె జరిగితే ఎవరికీ తెలియదని 2008లో అధ్యక్షుడు సార్కోజీ గొప్పగా అన్నారు. రెండేళ్లకే లక్షల మంది వీధుల్లోకి రావడంతో ఆ మాట నవ్వులపాలైంది. అయినా పింఛను వయసు 60 నుంచి 62కు పెరగనే పెరిగింది. ఊరేగింపులను అనుమతించి, పరీక్షలూ సెలవులూ వచ్చేదాకా ఓపిక పట్టి, చట్టం చేసేయడం అప్పటి నుంచి పరిపాటి అయింది.

2023లో ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరింది. పింఛను వయసును 64కు పెంచే ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఎనిమిది సంఘాలు, పన్నెండేళ్లలో ఎన్నడూ లేనంత ఐక్యతతో, జనవరి 19 నుంచి జూన్ 6 దాకా పద్నాలుగు సార్లు దేశవ్యాప్త పిలుపునిచ్చాయి. హోం శాఖ లెక్క ప్రకారమే మార్చి 7న 12 లక్షల 80 వేల మంది కదిలారు. సీజీటీ లెక్కలో అది 35 లక్షలు. పెద్ద నగరాలతో పాటు, పదేళ్లకోసారి కూడా ఊరేగింపు చూడని చిన్న పట్టణాలు కూడా కదిలాయి. మార్చి 16న ప్రధాని ఎలిజబెత్ బోర్న్ రాజ్యాంగంలోని 49వ అధికరణ మూడో నిబంధనను వాడి, జాతీయ సభలో ఓటింగు లేకుండానే బిల్లును గట్టెక్కించారు. ఏప్రిల్ 14న రాజ్యాంగ మండలి ప్రధాన అంశాలను సమర్థించింది, ఆ వెంటనే అధ్యక్షుడు చట్టంపై సంతకం చేశారు. ఆనాటి ఉద్యమంలో నాయకత్వం వహించిన లొరాన్ బెర్జే, అధ్యక్షుడు మాక్రాన్ సంస్కరణలకు మొదటి నుంచీ శత్రువేమీ కాదు. పాయింట్ల ఆధారిత పింఛను ఆలోచనకు అంతకుముందు మద్దతు పలికిన సీఎఫ్‌డీటీ నాయకుడు. అలాంటి మనిషిని కూడా మాట్లాడే దారి లేకుండా చేయడం పాలకుల విజయం అనిపించదు నాకు.

ఎందుకంటే, సంఘాల మాట చెల్లనప్పుడు ఏం జరుగుతుందో ఫ్రాన్స్ అంతకుముందే చూసింది. 2018 నవంబరు 17న ఇంధన పన్నుపై మొదలైన పసుపు జాకెట్ల ఆందోళనకు ఏ సంఘమూ నాయకత్వం వహించలేదు, దానిని పిలిచి మాట్లాడదామన్నా ప్రతినిధులు లేరు. వాహనాలు తగలబడ్డాయి, పారిస్‌లోని విజయ తోరణం దెబ్బతింది. నెల తిరగకుండానే పన్ను పెంపు రద్దయి, సుమారు వెయ్యి కోట్ల యూరోల ఉపశమనాలు వచ్చాయి. 2022 క్రిస్మస్‌కు రైళ్లను ఆపిన టికెట్ కలెక్టర్లు కూడా ఫేస్‌బుక్‌లో పోగైన వారే. సంఘాలు వారి వెనుక నడిచి నోటీసు ఇచ్చాయి. క్రమశిక్షణతో ఐదు నెలలు నడిచిన ఉద్యమానికి ఏమీ దక్కక, నాయకుడు లేని ఆందోళనకు వరాలు దక్కితే, ఏ కార్మికుడు ఏ పాఠం నేర్చుకుంటాడో ఊహించడం కష్టం కాదు.

ఈ కథలో చివరి మలుపు వీధుల్లో రాలేదు. 2024లో మాక్రాన్ జాతీయ సభను రద్దు చేశాక ఎవరికీ ఆధిక్యం రాలేదు. ప్రభుత్వాలు ఒకటి వెంట ఒకటి కూలాయి. 2025 అక్టోబరు 14న ప్రధాని సెబాస్టియన్ లెకోర్ను, సోషలిస్టులు అవిశ్వాసానికి ఓటు వేయకుండా చూసుకోవడం కోసం, పింఛను వయసు పెంపును అధ్యక్ష ఎన్నికల దాకా నిలిపివేస్తున్నట్లు ప్రకటించారు. పద్నాలుగు సార్లు దేశం ఆగినా కదలని చట్టం కొన్ని పదుల మంది సభ్యుల ఓట్ల అవసరానికి కదిలింది. సీఎఫ్‌డీటీ దీన్ని స్వాగతించగా, సీజీటీ ఇది వాయిదా మాత్రమేనంది. అంతిమ నిర్ణయం 2027లో ఎన్నికయ్యే అధ్యక్షుడి చేతిలో ఉంటుంది. ఆ పోటీలో సంఘాలు ఏ పక్షాన నిలిచినా 1906 నాటి అమియాన్ ప్రకటనను పక్కన పెట్టక తప్పదు, ఏ పక్షాన నిలవకపోతే పింఛన్ల మీద బేరం తమ ప్రమేయం లేకుండానే పార్టీల మధ్య జరిగిపోతుంది.