సవరణ: వేసవిలో చిక్కటి ఇంజన్ ఆయిల్ పోయమన్న నా మాట తప్పు

"మన ఎండలకు 0డబ్ల్యూ-20 గ్రేడు ఆయిల్ నీళ్లలా పల్చబడిపోతుంది, వేసవిలో 20డబ్ల్యూ-50 పోయించుకోండి" అని మొన్న రాశాను. అది తప్పు. నా మాట నమ్మి ఆయిల్ మార్చినవాళ్లు క్షమించాలి.

డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనకున్న అంకె 100 డిగ్రీల వేడి దగ్గర చిక్కదనం. నేను పొరబడింది ఇక్కడే. రామగుండం ఎండలో నడిపినా, అరకు చలిలో నడిపినా, ఇంజన్ వేడెక్కాక థర్మోస్టాట్ అనే వేడి నియంత్రించే వాల్వు, ఇంజన్‌ని చల్లబరిచే ద్రవాన్ని (కూలెంట్‌ని) 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతుంది. కంపెనీ ఆయిల్ గ్రేడు ఎంచేది ఆ వేడిని లెక్కలో పెట్టుకునే.

పొద్దున బండి తీయకముందు డిప్‌స్టిక్ లాగి చూడండి, చుక్క నింపాదిగా జారుతుంది. అరగంట తిరిగొచ్చి, బండి ఆపి కాసేపయ్యాక చూస్తే చటుక్కున జారిపోతుంది. అంటే మే నెలలో కూడా స్టార్ట్ చేసేటప్పటికి ఆయిల్ ఉండాల్సినదానికన్నా చిక్కగానే ఉంటుంది. అక్కడ 20డబ్ల్యూ-50 పోస్తే పైన వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ దాకా చేరడం ఇంకా ఆలస్యం. ఆయిల్ ప్రెజర్‌తో పనిచేసే వాల్వ్ టైమింగ్ కూడా సరిగ్గా స్పందించకపోవచ్చు. మైలేజీ ఎలాగూ తగ్గుతుంది.

కాబట్టి ఓనర్స్ మాన్యువల్లో ఉన్న గ్రేడే పోయించండి. అందులో 5డబ్ల్యూ-30 కూడా ఇచ్చి ఉంటే అదీ నిశ్చింతగా వాడొచ్చు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ బండికైతే గ్రేడు ఒక్కటే చాలదు, బూడిద తక్కువ వదిలే రకమే కావాలి. ఇది అప్పుడు అసలు రాయలేదు. మాన్యువల్లో లేకపోయినా ఇప్పటికే 20డబ్ల్యూ-50 పోయించి ఉంటే తర్వాతి సర్వీసు దాకా ఆగకండి, ఫిల్టర్‌తో సహా మార్పించేయండి.